‘ముందు నాకు చెప్పండి’ అన్నవాడు రెండో ముద్దాయి

పాము కరిస్తే ఏం చెయ్యాలో హాస్టల్ వంటమనిషికి తెలుసు. అన్నం తిని నలభైమంది పిల్లలు వాంతులు చేసుకుంటే ఏం చెయ్యాలో కూడా తెలుసు. పాపం, ఆ పని వాళ్లకి అలవాటే! 108కి ఫోన్ చేస్తారు, పిల్లల్ని ఆసుపత్రికి ఎత్తుకుపోతారు, ఆ తర్వాత వార్డెన్‌కి చెబుతారు. ఎవరూ తప్పుపట్టరు. కానీ రాత్రి పదిన్నరకి ఒక అమ్మాయి చిరిగిన బట్టలతో వణుకుతూ మెట్లకింద కనబడితే? ఆ వంటమనిషికి, ఆ ఆయాకి, ఆ వాచ్‌మన్‌కి ఇన్నేళ్ల కొలువులో పైవాళ్లు నేర్పిన పాఠం ఒక్కటే. “ఏం జరిగినా ముందు నాకు చెప్పండి. నాకు తెలవకుండా గేటు దాటిందో, రేపట్నుంచి నీకు పనుండదు.”

ఈ ఒక్క మాట మీదే మేం ఈ సంచికలో కొట్లాడదలచుకున్నాం.

ఆ మాట ప్రకారం నడిస్తే ఏమవుతుంది? వార్డెన్ ప్రిన్సిపాల్‌కి చెబుతుంది. ప్రిన్సిపాల్ కరస్పాండెంట్‌కి చెబుతాడు. కరస్పాండెంట్ ఎమ్మెల్యేకి చెబుతాడు. ఎమ్మెల్యే సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కి చెబుతాడు. ఇంతమందికి తెలిసినా ఇంకా తెలియనిది ఎవరికయ్యా అంటే డాక్టరుకి! తెల్లారేసరికి పిల్లకి తలమీద నీళ్లు పోసి ఉంటారు. బట్టలు ఉతికి దండెం మీద ఆరేసి ఉంటారు. గది ఫినాయిలు పోసి కడిగి ఉంటారు. కూలికిపోయిన తండ్రిని పిలిపించి, కూచోమనకుండా నిలబెట్టే, “నీ బిడ్డ బతుకు కోసమే చెబుతున్నాం, నలుగురికీ తెలిస్తే రేపు పెళ్లి కాదు” అని టీసీ చేతిలో పెడతారు. ఆయన దండం పెట్టి బిడ్డని తీసుకుని బస్సెక్కుతాడు. పరువు దక్కింది. ఎవరి పరువు? కాలేజీ పరువు.

ఇది రచ్చబండ కాకపోతే ఏంది? ఊళ్లో దొర కొడుకు మన పిల్లమీద చెయ్యేస్తే పెద్దమనుషులు చెట్టుకింద కూచుని తప్పు కట్టించేవాళ్లు. వెయ్యో, రెండువేలో, ఒక గొర్రెపోతో. ఆ చెట్టుకింది పంచాయితీకే ఇప్పుడు ఏసీ గది ఇచ్చి, గాజు తలుపు పెట్టి, “అంతర్గత ఫిర్యాదుల కమిటీ చూసుకుంటుంది లెండి” అంటున్నారు.

కమిటీలు వద్దని మేం అనడం లేదు. 2013 చట్టం ప్రకారం కమిటీ ఉండాల్సిందే. యూజీసీ 2015లో చేసిన నిబంధనల ప్రకారం డిగ్రీ, పీజీ కాలేజీల కమిటీలో ఇద్దరు అధ్యాపకులతోపాటు ఇద్దరు బోధనేతర ఉద్యోగులు ఉండాలి. విద్యార్థుల గొడవైతే ముగ్గురు విద్యార్థులుండాలి. ఆ ముగ్గుర్నీ పిల్లలే ఎన్నుకోవాలి. (ఆ ఇద్దరు బోధనేతరుల కుర్చీల్లో ఎక్కడైనా ఆయా కూచుందా? సూపరింటెండెంటూ, అకౌంటెంటూ తప్ప!) వెకిలి చూపులకి, ఫోన్లో బూతులకి, మార్కుల పేరుతో వేధించే లెక్చరర్‌కి ఆ కమిటీ పనికొస్తుంది. వాడి ఉద్యోగమో సీటో పోయేట్టు చెయ్యగలదు. కానీ కమిటీ గాయానికి కట్టు కట్టలేదు. ఎఫ్ఐఆర్ రాయలేదు. ఎవర్నీ అరెస్టు చెయ్యలేదు. అత్యాచారం జరిగిన రాత్రి “కమిటీ సోమవారం కూచుంటుంది” అనేవాడు చట్టం చెప్పడం లేదు, సాక్ష్యం కడిగేస్తున్నాడు.

అసలీ కమిటీలు ఎవరి గాయం నుంచి పుట్టాయో ఈ ప్రిన్సిపాళ్లకి తెలుసా? రాజస్థాన్‌లో భతేరీ అనే ఊరు. అక్కడ భన్వరీ దేవి అనే కుమ్మరి కులపు ఆడమనిషి ప్రభుత్వ పథకంలో సాథిన్‌గా పనిచేసేది. బాల్యవివాహం ఆపబోయిందని 1992 సెప్టెంబరులో ఊరి పెద్దకులాల మగవాళ్లు ఆమె మీద పడ్డారు. ఆమె దాక్కోలేదు, పోలీసుల దగ్గరికి పోయింది. దగ్గరి ఆసుపత్రి డాక్టరు పరీక్ష చెయ్యకుండా జైపూర్‌కి పంపాడు. పరీక్ష జరిగేసరికి రెండు రోజులు దాటింది. సాక్ష్యం కావాలని పోలీసులు ఆమె కట్టుకున్న లంగా విడిపించి ఉంచుకుంటే, భర్త తలపాగా గుడ్డ ఒంటికి చుట్టుకుని ఇంటికి నడిచింది. 1995లో కింది కోర్టు ముద్దాయిల్ని అత్యాచారం నేరం నుంచి వదిలేసింది. పెద్దకులం వాళ్లు తక్కువ కులం దాన్ని ముట్టుకుంటారా అన్నట్టు రాసింది! ఆమె మీద జరిగిన దాష్టీకానికి మండిపడిన ఆడవాళ్ల సంఘాలు ఆ తీర్పుకి ముందే సుప్రీంకోర్టుకి పోతే 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. దానిలోంచి 2013 చట్టం వచ్చింది. ఆ చట్టంలోంచి మీ కమిటీ వచ్చింది. ఆ రెండు రోజుల ఆలస్యం ఏం చేసిందో తెలిసి కూడా, ఆమె పేరుమీద వచ్చిన కమిటీనే ఆలస్యానికి అడ్డం పెట్టుకుంటున్నారంటే వీళ్లనేమనాలి?

పల్లెటూరి సంగతి, పాతకాలం సంగతి అంటారేమో. 2024 ఆగస్టు 9, కలకత్తా, ఆర్జీకర్ మెడికల్ కాలేజీ. చచ్చిపోయింది డాక్టరు, చచ్చిపోయిన చోటు ఆసుపత్రి. ఇంకేం తక్కువ? పొద్దున శవం కనబడితే, తల్లిదండ్రులకి ఫోన్‌లో మొదట అనారోగ్యం అన్నారు, తర్వాత ఆత్మహత్య అన్నారు. ఎఫ్ఐఆర్ రాత్రి 11:45కి గాని నమోదు కాలేదు. కాలేజీ వాళ్లు ఎందుకు ఫిర్యాదు చెయ్యలేదని సుప్రీంకోర్టే అడిగింది. ఆ ప్రిన్సిపాల్ రాజీనామా చేసిన కొద్ది గంటల్లోనే ఇంకో కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వేశారు. మహానగరంలో, డాక్టర్ల మధ్య, డాక్టరు బిడ్డకే ఇట్లా జరిగితే, మన మండల కేంద్రంలో రేకుల షెడ్డు హాస్టల్లో ఇంటర్ చదివే మాల పిల్లకి, మాదిగ పిల్లకి, లంబాడీ పిల్లకి ఏం జరుగుతుందో ఊహించుకోండి. అక్కడ కెమెరాలు రావు, కోర్టులు తమంతట తాము కదలవు.

అందుకే మొదటి గంటలు మనకి అంత ముఖ్యం. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకి ఆలస్యమైనా కేసు నిలబెట్టే ప్లీడర్లుంటారు. మనకుండేది ఆ రాత్రి ఆనవాళ్లే. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో పదకొండుమంది కోదు ఆడవాళ్లు గ్రేహౌండ్స్ పోలీసుల మీద కేసు పెట్టి, పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో ముద్దాయిలంతా విడుదలయ్యారు. దర్యాప్తు సరిగా చెయ్యలేదని కోర్టే చెప్పింది, ఆడవాళ్లకి పరిహారం ఇమ్మంది. ఆడవాళ్ల మాట మారలేదు, ధైర్యం తగ్గలేదు. పోయింది మొదట్లో చెయ్యాల్సిన పనే.

ఇంతకీ ఆయాకి, వాచ్‌మన్‌కి ఏం తెలియాలి? బ్రహ్మవిద్యేం కాదు. ఇది చదివేవాళ్లు చదవనివాళ్లకి చదివి వినిపించండి.

పిల్లని ఒంటరిగా వదలొద్దు. గుంపు చేరనివ్వొద్దు. పిల్ల నమ్మే ఒక్క మనిషి పక్కన ఉంటే చాలు. “ఎందుకు పోయావు, ఆ టైములో అక్కడేం పని” అన్న మాట నోట్లోంచి రాకూడదు. ప్రశ్నలెయ్యడం మన పని కాదు. ఆమె తనంతట తాను చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టి టైము వెయ్యాలి, అంతే. రక్తం పోతోందా, ఊపిరి ఆడుతోందా చూడాలి. 108కి గాని, 112కి గాని, ఆడవాళ్ల కోసం ఉన్న 181కి గాని ఫోన్ చెయ్యాలి. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇక ఆనవాళ్లు. మన ఆడవాళ్లకి పిల్ల ఏడుస్తూ వస్తే ముందు తోచేది వేణ్ణీళ్లు కాచి తలమీద పొయ్యడం. అది ప్రేమే. కానీ ఆ నీళ్లతోపాటే సాక్ష్యం తూములోకి పోతుంది. డాక్టరు చూసేదాకా ఒళ్లు కడగకుండా, బట్టలు మార్చకుండా ఉంటే మంచిదని పిల్లకి మెల్లగా చెప్పాలి, బలవంతం చెయ్యొద్దు. అప్పటికే స్నానం చేసి ఉంటే కేసు చచ్చిపోయినట్టేం కాదు, అయినా ఆసుపత్రికి పోవాల్సిందే. విప్పిన బట్టలుంటే ఉతకొద్దు, ప్లాస్టిక్ కవర్లో కుక్కొద్దు, బూజు పడుతుంది. కాగితం సంచిలో పెట్టాలి. ఒంటిమీది బట్టలు ఆసుపత్రిలో తీసుకుంటారు గనక ఇంకో జత వెంట పట్టుకుపోవాలి. మన బిడ్డ ఎవరి తలపాగా గుడ్డా చుట్టుకుని తిరిగి రాకూడదు. జరిగిన చోటు ఊడవొద్దు, తాళం వెయ్యాలి. గేటు దగ్గరి రిజిస్టరు దాచాలి. కెమెరాలుంటే ఆ రాత్రి రికార్డు వెంటనే విడిగా తీయించాలి, కొద్దిరోజులకి దానిమీదే కొత్తది ఎక్కి పాతది చెరిగిపోతుంది.

ఆసుపత్రి వాళ్లు “పోలీసు కాయితం ఏది” అంటే వినొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం సర్కారు ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా పైసా తీసుకోకుండా వెంటనే వైద్యం చెయ్యాలి, పోలీసులకి కబురు వాళ్లే పంపాలి. చెయ్యకపోతే భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. కడుపు రాకుండా ఇచ్చే మాత్ర, హెచ్ఐవీ రాకుండా ఇరవై ఎనిమిది రోజులు వాడే మందు మూడు రోజుల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మేలు. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లలు నెలల తరబడి కుమిలిపోతారో ఎవరు లెక్కపెట్టారు? ఇంకోటి, రెండు వేళ్ల పరీక్ష చేసేవాళ్లు దుష్ప్రవర్తన కింద శిక్షార్హులని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పింది. అట్లాంటిది చెయ్యబోతే పక్కనున్న ఆయా అయినా సరే “వద్దు” అనొచ్చు.

పద్ధెనిమిది నిండిన పిల్లయితే కేసు పెట్టడం, పెట్టకపోవడం ఆమె ఇష్టం. ఆమె ఒప్పుకోకుండా ఒంటి పరీక్ష చెయ్యకూడదు. వద్దన్నా వైద్యం మాత్రం ఆపకూడదు. ప్రిన్సిపాల్ ఇష్టానికి ఇందులో చోటే లేదు. ఇంటర్ పిల్లలు పదహారు పదిహేడేళ్ల వాళ్లు, అక్కడ పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసిన ప్రతివాడూ పోలీసులకి చెప్పి తీరాలి. దాచినవాడికి ఆరునెలల దాకా జైలు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకి ఏడాది దాకా. అంటే “ముందు నాకు చెప్పండి, బయటికి పోనివ్వొద్దు” అన్న ఆ పెద్దమనిషి అక్కడ నిజంగానే ముద్దాయి. మేం పెట్టిన పేరు తిట్టు కాదు, చట్టమే.

పోలీసుల దగ్గర ఇంకో గేటుంటుంది. “ఇది మా పరిధి కాదు.” 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువుల డాక్టరమ్మ కనబడటం లేదని తల్లిదండ్రులు పోతే స్టేషన్ల మధ్య పరిధి లెక్కలు చెప్పారు. తర్వాత ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. ఆ తర్వాత నలుగుర్ని కాల్చి చంపి పూలు చల్లించుకున్నారు. ఆ ఎన్‌కౌంటర్ కట్టుకథ అని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అదే నెల నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లా ఎల్లాపటార్ దగ్గర బుడగజంగాల కులపు చిరువ్యాపారిని చెరిచి చంపితే ఆ పూలూ లేవు, ఆ జనమూ లేరు. సరే, పరిధి సంగతి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, 173వ సెక్షన్ అదే చెబుతోంది. ఆడ పోలీసే రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. సమాచారం అందిన 24 గంటల్లో డాక్టరు దగ్గరికి పంపాలి. ఇట్లాంటి ఫిర్యాదు రాసుకోని అధికారికి ఆరునెలలకి తక్కువ కాకుండా, రెండేళ్ల దాకా కఠిన జైలు.

మొదటి కాయితంలోనే కులం రాయించండి. దీన్ని మన సంఘాలవాళ్లు గట్టిగా పట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన ఒక కేసులో, చూపులేని దళిత అమ్మాయి మీద అత్యాచారం చేసినవాడి శిక్షని సుప్రీంకోర్టు 2021లో ఖాయం చేసింది గాని, అట్రాసిటీ సెక్షన్ మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే చేశాడని రుజువు చెయ్యలేదంది. అది పాత నిబంధన. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం బాధితురాలు ఎస్సీ, ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. తోటి విద్యార్థికో, లెక్చరర్‌కో, వార్డెన్ మొగుడికో హాస్టల్ పిల్ల కులం తెలియదా? కులం చూసే గదా సీటిచ్చింది! అయినా కాయితం మీద ఎక్కకపోతే డీఎస్పీ దర్యాప్తుకి రాడు, పరిహారం రాదు. అరెస్టుకి ముందు విచారణ, అనుమతి అక్కర్లేదని 18ఏ సెక్షన్ చెబుతోంది. విధి మరిచిన అధికారిమీద 4వ సెక్షన్ ఉంది, అడగండి.

ఇన్ని చెబితే యాజమాన్యాలు ఏమంటాయో మాకు తెలుసు. “చదువురానివాళ్లకి శిక్షణేంటండీ?” మంత్రసానితనం చేసి ఊళ్లకి ఊళ్లు బతికించినవాళ్లు మా అమ్మలు, వాళ్లకి రెండు ఫోన్ నంబర్లూ నాలుగు మాటలూ నేర్పితే రావా? మీరు చేసే శిక్షణ మాకు తెలుసు. జిల్లా కేంద్రంలో ఏసీ హాలు, లెక్చరర్లు, తెరమీద ఇంగ్లీషు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్. రాత్రి హాస్టల్లో పడుకునేది వాళ్లా? శిక్షణ ఆయాతో మొదలుకావాలి. ఔట్‌సోర్సింగ్ మనుషులు ఏటేటా మారతారు గనక ఏటేటా జరగాలి. సఖి కేంద్రం వాళ్లు, ఏఎన్ఎం, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్లీడరు వచ్చి హాస్టల్ వరండాలోనే తెలుగులో, లంబాడీలో, కోయలో చెప్పాలి. మంటలార్పడం నేర్పినట్టు చేసి చూపించాలి. అన్నిటికంటే ముందు, “ఇట్లాంటి రాత్రి ఎవరి అనుమతీ లేకుండా గేటు తీసినవాళ్ల ఉద్యోగానికి ఢోకా లేదు” అని సంతకం పెట్టిన ఆర్డరు గోడమీద అంటించాలి. ఆ ఆర్డరు లేకుండా ఎంత శిక్షణిచ్చినా ఆయా నోరు విప్పదు. ఆమె జీతం కాంట్రాక్టరు చేతిలో ఉంది.

“అబద్ధపు కేసులు పెరుగుతాయి, అన్యాయంగా మగపిల్లలు పోతారు” అంటారు ఇంకొందరు. అన్యాయంగా పోయిన మగపిల్లవాడి కథ మేం చెబుతాం, వినండి. 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ప్రైవేటు హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకి గురైంది. (ఆమె పేరు దేశమంతా తెలుసు, అయినా మేం రాయం.) అంతమంది పిల్లలు పడుకున్న హాస్టల్లో ఏం జరిగిందో ఈనాటిదాకా తేలలేదు. తేలింది ఒక్కటే. పెద్దవాళ్ల పేర్లు వినబడుతుంటే పోలీసులు నడవలేని జబ్బుతో ఉన్న ఒక దళిత యువకుణ్ణి 2008లో పట్టుకొచ్చారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. ఎనిమిదేళ్లకి పైగా జైలు, దానికి లక్ష రూపాయల పరిహారం! ఆ పిల్ల తల్లి కూడా అతను కాదనే చెబుతూ వచ్చింది. తర్వాత సీబీఐకి ఇస్తే కోర్టులో ఉండాల్సిన ఆధారాలే ధ్వంసమయ్యాయని బయటపడింది. ఆనవాళ్లు పోయిన చోట దొరికేది దోషి కాదు, దొరికేది మన గూడెం కుర్రాడు. మొదటి గంటలో గదికి తాళం వెయ్యడం ఆడపిల్లకే కాదు, మన మగపిల్లవాడికి కూడా ప్రాణరక్ష.

మన సంఘాల పేరు చెప్పుకుని అదే ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి రాజీ కుదిర్చేవాళ్లున్నారు. ముద్దాయి మన కులంవాడైతే “ఇంటి గుట్టు” అంటూ పిల్ల నోరు మూయించే కులపెద్దలున్నారు. వాళ్లకీ వార్డెన్‌కీ తేడా ఏమిటో వాళ్లే చెప్పాలి.

ఇది చదివి ఏ తండ్రీ బిడ్డని చదువు మాన్పించొద్దు. సాయంత్రం అయిదింటికే గేటు మూసి, పిల్లల ఫోన్లు లాక్కుని “భద్రత” అనేవాళ్లకి ఒప్పుకోవద్దు. నేరం చేసేవాడు బయట తిరుగుతుంటే తాళం పిల్లలకా? పుణేలో సావిత్రీబాయి బడికి పోతుంటే పేడా రాళ్లూ విసిరారు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుపోయింది గాని బడి మానలేదు.

ఈ పక్షం రోజుల్లో కార్యకర్తలు తమ మండలంలోని ప్రతి ఆడపిల్లల హాస్టల్‌కీ పోండి. ప్రిన్సిపాల్‌ని కాదు, వాచ్‌మన్‌నీ ఆయానీ అడగండి. రాత్రి పది దాటినాక గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది? అది తియ్యాలంటే ఎవర్ని అడగాలి? ఆసుపత్రికి పోవడానికి బండి ఉందా? 112, 181 నంబర్లు గోడమీద ఉన్నాయా, ఉంటే అవి వాళ్లు చదవగలిగే చోట ఉన్నాయా, ఆఫీసు గదిలో తాళం వెనకున్నాయా? జవాబులు తేదీ వేసి మాకు పంపండి. హాస్టల్ పేరు, మండలం పేరుతో సహా అచ్చేస్తాం. పిల్లల పేర్లు, జవాబు చెప్పిన వాచ్‌మన్ పేరు మాత్రం రాయొద్దు.